నెయ్యి కోసం కాసిన తలుపు

మేడివాడను ఏలే బొల్లపరాజుకు ఒకనాడు భోజనానికి ముందు ఒక సరదా పుట్టింది.

ఆయన కొత్తగా కొలువులో పెట్టుకున్న మల్లుడు చాగప్ప, కండలు పెరగాలంటూ అందరి వంతు నెయ్యీ తానే తాగేస్తున్నాడు. మంత్రి దగ్గర్నుంచి అందరిదీ వట్టి పప్పన్నమే. అడిగితే, ఆపగలిగినవాడెవడో రమ్మని మీసం దువ్వేవాడు.

రాజుగారు ఆ మాటే పట్టుకున్నారు. ఈ పూట మా భోజనం అయ్యేదాకా చాగప్పను భోజనశాల బయట ఆపితే ఎవరి నెయ్యి వారికే, ఆపలేకపోతే ఇక ఎప్పటికీ అతనికే అన్నారు.

అందరూ చాగప్ప జబ్బలు చూసి తలలు దించుకున్నారు. కూచన అనే కవి మాత్రం లేచాడు. గాలి వీస్తే ఉత్తరీయం కంటే ముందు తానే ఎగిరేటంత బక్కపలచని మనిషి. గడియ కూడా పెట్టకుండా తలుపు కాస్తానన్నాడు. కొలువంతా నెయ్యి మీద ఆశ వదులుకుంది.

అది లోపలికి తెరుచుకునే ఒంటిరెక్క తలుపు. కూచన దాని అంచు పక్కనే విస్తరి వేయించుకుని, ఎడమచెయ్యి తలుపుకి ఆనించి, కుడిచేత్తో అన్నం కలుపుకున్నాడు. బయట చాగప్ప హుంకరించాడు. తలుపు కిర్రుమంది కానీ కదల్లేదు. కూచన వంకాయకూర మారు వడ్డించమన్నాడు. మజ్జిగ వచ్చేసరికి బయట హుంకారం పోయి మూలుగు మొదలైంది.

రాజుగారు చెయ్యి కడుక్కుని, ఉండబట్టలేక పక్కవాకిలి గడియ తీయించి బయటికి వెళ్ళారు. కొలువంతా వెనకే వెళ్ళింది.

తలుపుకి బందులున్న వైపు, రెక్క మీదే, కూచన ముందుగా తగిలించిన పెద్ద అద్దం ఉంది. చాగప్ప దాని కిందే చేతులు మోపి, ఉబ్బిన కండలు చూసుకుంటూ, చెమటలు కక్కుతూ తోస్తున్నాడు.

రాజుగారు అవతలి అంచున ఒంటిచేత్తో నెట్టారు. తలుపు తెరుచుకుంది. లోపల కూచన మజ్జిగతో సహా వెల్లకిలా పడ్డాడు.

"బందు దగ్గర తోస్తే ఏనుగైనా అలిసిపోవలసిందే, అంచున తోస్తే పసివాడైనా చాలు. ఈ మాత్రం చాగప్పకు తెలియదటయ్యా?" అన్నారు రాజుగారు.

కూచన మూతి తుడుచుకుని లేచాడు.

"తెలుసు ప్రభూ. ఇంట్లో రోజూ అంచునే తోస్తాడు. ఆ తలుపుకి అద్దం లేదు."

కొలువంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. చాగప్ప కూడా నవ్వి, నవ్వితే ఎలా ఉన్నాడో అద్దంలో చూసుకున్నాడు.

రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి కూచనకు వేసి, అందరికీ మళ్ళీ విస్తళ్ళు వేయించారు. ఈసారి నెయ్యితో.