ఏటిని చెరిచిన చవక కాగితం

అనగనగనగా... ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి, నిద్రొచ్చేవాళ్లు పడుకోండి. ఒక రాజ్యంలో ఓ ఏరు. ఆ ఏటి ఒడ్డున బట్టలకు రంగులద్దే నూకాలమ్మ. అద్దిన బట్టను పారే నీటిలో జాడిస్తేనే రంగు నిలుస్తుంది. అంటే ఆమెకి కూడు పెట్టేది ఆ నీళ్లే.

కొన్నాళ్లకి ఎగువన పేరయ్య అనే వర్తకుడు కాగితాల కార్ఖానా పెట్టాడు. గుడ్డపేలికలు సున్నంలో ఉడకబెట్టడం, ఆ కుళ్లునీళ్లు ఏట్లోకి వదిలెయ్యడం. కాగితం తెల్లగా వచ్చింది, చవగ్గానూ వచ్చింది. కోటలో రాతపని చేసే రాయసగాళ్లు సంబరపడ్డారు. నూకాలమ్మ బట్టలు మాత్రం మరకలు తేలాయి. కొనేవాళ్లు మొహం తిప్పుకున్నారు.

ఆమె కాళ్లీడ్చుకుంటూ కొలువుకి వెళ్లింది. రాజు పేరయ్యని పిలిచి మందలించాడు. పేరయ్య చేతులు కట్టుకుని "చిత్తం ప్రభూ" అన్నాడు. ఏట్లో మార్పేం లేదు.

మళ్లీ వెళ్లింది. ఈసారి జరిమానా వేశాడు రాజు. పేరయ్య నవ్వుతూ కట్టేశాడు. కట్టడా మరి! గుంటలు తవ్వి, మురికి నీళ్లు నిలవేసి, తేరాక వదలడం కంటే జరిమానాయే చవక. పైగా "డబ్బు కట్టానుగా, ఇంకా ఏంటమ్మా నీ గోల?" అని ఎదురు దబాయింపు.

మూడోసారికి ఆమెకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. కొలువులోనే కూలబడింది.

"పోనీ, నష్టం ఇప్పించమంటావా?" అన్నాడు రాజు. ఆయనకీ విసుగొచ్చింది.

"వద్దు దొరా. ఆ నీళ్లు మంచివో చెడ్డవో పేరయ్యగారినే అడగండి."

"నిక్షేపంలాంటి నీళ్లు ప్రభూ" అన్నాడు పేరయ్య. "ఈవిడదంతా చాదస్తం."

"అయితే కార్ఖానాకి కావలసిన నీళ్లు తన కుళ్లునీళ్లు వదిలే తూముకి దిగువనే తోడుకోమనండి. నేనింకేం అడగను" అంది నూకాలమ్మ.

రాజు అలాగే ఆజ్ఞ వేశాడు.

వారం తిరక్కుండా పేరయ్య కాగితం పచ్చబడింది, కంపు కొట్టింది. కొనే నాథుడు లేడు. అప్పుడు తన ఖర్చుతోనే గుంటలు తవ్వించాడు.

ఏరు ఒక్కరోజులో బాగుపడుతుందా? రెండు వానాకాలాలు పట్టింది. అన్నాళ్లూ నూకాలమ్మ కూలికి పోయింది. చివరికి మరకలేని బట్ట ఇసుక మీద ఆరేసి, దాని పక్కనే చతికిలబడింది. సంతోషంతో అనుకునేరు. పాపం, అలిసిపోయింది.

కాబట్టి పిల్లలూ, పక్కవాడి నెత్తిన పడేసిన ఖర్చుని లాభమని లెక్కేసుకోకూడదు. తాను చెరిచిన నీళ్లు తానే తాగాలంటే ఎవడూ ఏటిని చెరపడు.