మితాహారం కొలిచిన అప్పలకొండ

అప్పలకొండ ఇంట్లో ముగ్గురు. తను, పెళ్ళాం సన్యాసమ్మ, తమ్ముడు ముత్యాలు. ఇంత తెలివి ఒక్క ఇంట్లోనే ఉంటే ఊరి దిష్టి తగలదా అని ముగ్గురికీ ఒకటే దిగులు. అందుకే వీధిలోకి వెళ్ళేటప్పుడు తలకి తుండుగుడ్డ బిగించేవారు, తెలివి ఎవరి కంటా పడకుండా.

ఒకనాడు పెళ్ళి భోజనంలో అప్పలకొండ బూరెలు మెక్కి మెక్కి, పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. ప్రాణం పోతుందేమోనని భయం. వైద్యుడు ఆచారిగారు నాడి చూసి, "నీకు మితాహారమే మందు" అన్నారు.

అంతే! ముత్యాలు కంసాలి కొట్టుకి పరిగెత్తాడు. "బాబూ, మా అన్నకి అర్జెంటుగా మితా హారం కావాలి!"

"కాసులహారం ఉంది, ముత్యాలహారం ఉంది."

"ముత్యాలు నేనే గదా! నాది కాదు, మా అన్నది కావాలి."

కంసాలి తరిమేశాడు. సంగతి విని ఆచారిగారు తల పట్టుకున్నారు. "హారం కాదురా, ఆహారం! మితమంటే సంస్కృతంలో కొలిచినది. తిండిని కొలిచి తినమని ఆ మాటకి అర్థం."

ఇంకేముంది! అప్పలకొండ అన్నానికి మూర వేశాడు. మెతుకులు చేతికి అంటుకున్నాయి గానీ కొలత తేలలేదు. చారుకి మూర వేశాడు, మోచెయ్యి కాలింది.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! దేవుణ్ణి మూరేసి కొలుస్తామా? పసుపు కుంకుమలతో గదా కొలుస్తాం" అంది సన్యాసమ్మ.

అన్నదమ్ములు నోళ్ళు వెళ్ళబెట్టారు. అంతే! అన్నానికి బొట్లు, పప్పుకి అగరొత్తులు, దోసకాయ కూర మీద హారతి కర్పూరం. ముత్యాలు కొబ్బరికాయ తీసి చారుకుండకేసి కొట్టాడు. కాయ పగల్లేదు, కుండ పగిలింది. అప్పలకొండ ఆత్రంగా ముద్ద కలపబోతే సన్యాసమ్మ చెయ్యి పట్టుకుంది.

"కళ్ళు పోతాయి! కొలిచిన దేవుణ్ణి తింటారా ఎవరైనా?"

అప్పలకొండకి కడుపులో నకనక. మళ్ళీ ఆచారిగారి గుమ్మంలో వాలాడు. "బాబూ, కాస్త విడమర్చి చెప్పండి."

"ఇంక కొలవకు నాయనా. సగం పొట్ట అన్నానికి, పావు నీళ్ళకి, పావు గాలికి వదులు. తెలిసిందా?"

"ఇలా తిన్నగా చెబితే తెలీదా మరి!"

ఇంటికొచ్చి చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. సన్యాసమ్మ అతని పొట్ట మీద బొగ్గుతో గీతలు గీసింది. ముత్యాలు సగం మీద పొగలు కక్కే అన్నం పరిచి, పావు మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించాడు. మిగిలిన పావుకి సన్యాసమ్మ విసనకర్రతో విసరసాగింది.

"అన్నా, ఇంకాస్త వడ్డించనా?"

"వద్దురా!" అన్నాడు అప్పలకొండ, వేడికి మెలికలు తిరిగిపోతూ. "ఇప్పటికే పక్కలకి పొర్లుతోంది. మితం తప్పితే ఆచారిగారు కోప్పడతారు!"