లేవని చెయ్యి

ఒకానొక రాజ్యంలో, దాని పేరు కనకవాడ అనుకుందాం, రణరంగభీమ మహారాజు అనే ప్రభువు ఉండేవాడు. ఆయన ఏ రణరంగమూ చూసి ఎరగడు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకుని, ఇచ్చుకున్న రోజున ఊరందరికీ పప్పన్నం పెట్టించాడు. తిన్నవాళ్ళు కాదనలేకపోయారు.

ఆయన కొలువులో పద్దెనిమిది మంది సభాసదులు. పూర్వం వాళ్ళు రెండు బంతులుగా కూర్చునేవాళ్ళు. ఏ పని తలపెట్టినా కుడిబంతి ఒక మాట, ఎడమబంతి ఒక మాట అనుకుని, చివరికి చేతులెత్తి తేల్చేవాళ్ళు. తిప్పనామాత్యుడు మంత్రి అయి కుడిబంతికి పెద్దగా కూర్చున్నాక పద్ధతి మారింది. పళ్ళూ ఫలహారాలూ ముందుగా కుడిబంతికే వస్తున్నాయని గమనించి, ఎడమబంతి వాళ్ళు ఒక్కొక్కరే దిండు చంకన పెట్టుకుని ఇటు వచ్చేశారు. ఇప్పుడు ఎడమ పక్కన అంతఃపురం పిల్లి పడుకుంటోంది.

కుడిబంతిలో చేరేవాడు మంత్రి చేతి ఉప్పుకల్లు నోట్లో వేసుకుని ఒక మాట ఇవ్వాలి. పెద్ద చెయ్యి లేస్తే తన చెయ్యి లేవాలి, పెద్ద చెయ్యి దిగితే తనదీ దిగాలి. అసలు అడిగిందేమిటో ఎవరికీ పట్టేది కాదు. ఒకసారి మంత్రి ఈగను తోలబోయి చెయ్యెత్తితే, వెంటనే పదిహేడు చేతులు లేచాయి. అప్పుడు వంకాయ మీద ఏదో మాట నడుస్తోంది కాబట్టి, ఆ ఏడాదంతా కోటలో వంకాయ వండలేదు.

ఆ బంతిలో చివరి దిండు పోతినేడుది. జమ్ములపాడు అతని ఊరు. ఊరి పక్కనే పెద్ద ఊబి. పైన జమ్ము పచ్చగా పెరిగి, చూసేవాడికి పచ్చికబయలులా ఉంటుంది. పోతినేడు చిన్నప్పుడు వాళ్ళ చూడి గేదె మేతకని అందులోకి నాలుగడుగులు వేసింది. ఊరంతా గట్టున నిలబడి చూస్తుండగానే కొమ్ములతో సహా పోయింది. అందుకే తాతలనాటి బండ్లబాట ఆ ఊబిని చుట్టి వంకర తిరిగి పోతుంది.

మహారాజుకు ఆ వంకర నచ్చలేదు. మామిడితోటలోని విడిదికి వెళ్తూ పల్లకీలోంచి తల బయటపెట్టి, "ఈ దారి ఎవరికి దణ్ణం పెట్టి పక్కకు తప్పుకుంటోంది?" అని అడిగాడు.

"రాజమార్గం ఎవరికీ తప్పుకోకూడదు ప్రభూ. తిన్నగా వేయిద్దాం" అన్నాడు తిప్పనామాత్యుడు.

మర్నాడు కొలువులో ఆ మాటే వచ్చింది. జమ్ములపాడుతో పాటు చుట్టుపక్కల రెండు ఊళ్ళ జనం, ఆడామగా అందరూ, తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ పచ్చని నేల మీద మట్టి పొయ్యాలి. నాట్లు మానుకుని మరీ పొయ్యాలి. మంత్రి చెయ్యెత్తాడు. టకటకా చేతులు లేచాయి.

పోతినేడు కూడా ఎత్తుదామనే అనుకున్నాడు. ఉప్పు తిన్నవాడు, మాట ఇచ్చినవాడు. కానీ ఆ గేదె కళ్ళు గుర్తొచ్చాయి. ఆ కళ్ళ వెనకే, ఊళ్ళోనే ఉంటున్న తన చెల్లెలు, తట్ట నెత్తిన పెట్టుకుని ఊబి వైపు నడుస్తున్నట్టు కనబడింది. అతని చెయ్యి ఒడిలోంచి కదలలేదు. అది కదలకపోవడం చూసి అందరికంటే ముందు హడలిపోయినవాడు పోతినేడే.

"ఏం పోతినేడూ, చెయ్యి నొప్పా?" అన్నాడు మంత్రి.

"లేదండి."

"మరి?"

"అది ఊబండి. మనుషులు పోతారు. నా మనసు ఒప్పుకోవడం లేదు."

మంత్రి నమ్మలేనట్టు ముందుకు వంగాడు.

"మనసా? నీకు మనసున్నట్టు ఉప్పు తిన్ననాడు చెప్పలేదే." ఆయన రాజు వైపు తిరిగాడు. "ప్రభూ, పల్లకీ మోసే బోయీలు ఎవడి మనసుకు తోచిన దారి వాడు పడితే, లోపల కూర్చున్నవారి గతేమిటి? ముందువాడు నడిచిన చోట వెనకవాడు నడవాలి. బంతి అంటే అదే."

రాజుకు పోలిక తెగ నచ్చింది. పల్లకీలో కూర్చునేది తనే కదా. "ఎత్తమన్నప్పుడు లేవని చెయ్యి ఒంటికి దేనికి? తీయించండి" అన్నాడు. అని ఊరుకున్నాడా? లేదు. "ధర్మం తప్పకూడదు. ఈ శిక్షనూ సభకే పెట్టండి" అన్నాడు.

మంత్రి చెయ్యి లేచింది. బంతి మొత్తం చేతులెత్తింది. పోతినేడు ఆశ కొద్దీ పక్క దిండు వైపు చూశాడు. అక్కడుండేది చెన్నుభట్టు. మాటకు మాట అప్పచెప్పడంలో రాజ్యంలో అతన్ని మించినవాడు లేడు. పోతినేడుకు నాలుగేళ్ళ స్నేహితుడు, ఒకరింటి పచ్చడి ఒకరింట్లో తినేంత చనువు.

చెన్నుభట్టు చెయ్యి కూడా లేచే ఉంది. అందరికంటే ఒక జానెడు ఎత్తున ఉంది.

చెయ్యి పోతుందన్న మాట కంటే ఈ చెయ్యి లేవడం పోతినేడును ఎక్కువ కోసింది. అంతలో చెన్నుభట్టు లేచి నిలబడ్డాడు. ఏదో చక్రం అడ్డు వేస్తాడేమోనని పోతినేడు అతని మొహంకేసి చూశాడు.

"మహాప్రభూ, మంత్రివర్యులు బోయీల మాట ఎత్తారు, చాలా బాగుంది. కానీ ఆ బోయీలే పెద్ద తిరుగుబాటుదార్లు. దారి పొడుగునా రాయి అని, ముల్లు అని, గుంట అని అరుస్తూనే ఉంటారు. ఏలినవారు వెళ్ళే దారికి వంక పెట్టడానికి వాళ్ళెవరు? ముందు నడిచే పెద్దను చూసి నోరు మూసుకుని నడవాలని శాసనం చేయించండి."

"నిజమే" అన్నాడు రాజు.

"ఇంకొక మనవి. ఈ పోతినేడు శిక్ష ఇక్కడ నాలుగు గోడల మధ్య ఎందుకు? ఎల్లుండి కొత్త బాటకు శంకుస్థాపన చేద్దాం. మంత్రివర్యులు జెండా పట్టుకుని ముందు నడుస్తారు, వెనక తమ పల్లకీ, ఆ వెనక మేమంతా. నడిచాక అక్కడే, జనం కళ్ళెదుట, చెయ్యి తీయిద్దాం."

రాజు కొంచెం తటపటాయించాడు. "ఊబి అంటున్నాడే వాడు?"

"పద్దెనిమిది మందిలో పదిహేడు మంది చేతులెత్తి లేదన్నాక ఇంకా ఊబి ఎక్కడుంటుంది ప్రభూ?" అన్నాడు చెన్నుభట్టు.

రాజు తృప్తిగా తలూపాడు. శాసనం ఆ పూటే చాటించారు. తలారులు రెక్కలు పట్టుకుని తీసుకుపోతుంటే పోతినేడు వెనక్కి తిరిగి చూశాడు. చెన్నుభట్టు తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు.

ఎల్లుండి రానే వచ్చింది. మేళతాళాలతో ఊరేగింపు జమ్ములపాడు చేరింది. బండ్లబాట వంకర తిరిగే చోట మంత్రి ఆగలేదు. జెండా ఎత్తి, దూరంగా కనబడే మామిడితోట మీద చూపు నిలిపి, తిన్నగా పచ్చదనంలోకి దిగాడు. వెనక పల్లకీ. ఎనిమిది మంది బోయీల్లో ముందువాడు సిద్ధడు, ఆ నేల ఎరిగినవాడే. కాలి కింద నేల మెత్తబడగానే అతని పెదవులు కదిలాయి. మాట మాత్రం బయటికి రాలేదు. చేతులు తాడుతో కట్టేసి ఉన్న పోతినేడు గట్టునుంచి ఇదంతా చూస్తున్నాడు.

"ఆపండి, అది ఊబి" అని అరిచాడు. తలారి అతని నోరు మూశాడు.

మంత్రి కాలు చీలమండ దాకా దిగింది. తెలిసింది. కానీ ఇంతమంది ముందు వెనక్కి తిరగడానికి మొహం చెల్లలేదు. ఇంకొక అడుగు వేశాడు, మోకాలు దిగింది. మరొక అడుగుకు ముందుకు తూలి, జెండా వదిలేసి రెండు చేతులూ ఆనించాడు. అవి మోచేతుల దాకా బురదలోకి పోయాయి. వెనక బోయీల కాళ్ళు కూరుకుపోయి పల్లకీ పక్కకు ఒరిగింది. రణరంగభీమ మహారాజు పట్టుపరుపుతో సహా జారి మొలలోతున బురదలో నిలబడ్డాడు. మేళగాళ్ళు మ్రాన్పడి ఊదడం మానేశారు.

"లాగండి నన్ను" అన్నాడు రాజు.

గట్టున పదహారు మంది సభాసదులు నిలబడి ఉన్నారు. ఒక్కడూ కదలలేదు. పోతినేడు తన కళ్ళను తనే నమ్మలేకపోయాడు. వాళ్ళు చూస్తున్నది రాజు వైపు కాదు, మంత్రి చేతుల వైపు.

చెన్నుభట్టు మెల్లగా అంచుకు వచ్చి, సభలో మాట్లాడినంత తీరుబాటుగా మాట్లాడాడు. "సభాసదులారా, ప్రభువు ఊబిలో ఉన్నారు. బయటికి లాగాలా, వద్దా? లాగాలన్నవారు చేతులెత్తండి."

మంత్రి కిందా మీదా పడి ఒక చెయ్యి లాక్కోబోయాడు. లాగినకొద్దీ ఇంకా దిగింది. గట్టున ఒక్క చెయ్యి లేవలేదు.

రాజు నోరు తెరుచుకుని వాళ్ళను ఒక్కొక్కరినే చూశాడు. ఇన్నేళ్ళూ తన మాట అనగానే టకటకా లేచిన చేతులవి.

"మీకు నోళ్ళు పడిపోయాయా? ఎత్తండి చేతులు."

వాళ్ళలో పెద్దవయసాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఉప్పు తిన్నాం ప్రభూ. పెద్దాయన చెయ్యి ఇంకా లేవలేదు."

రాజు బోయీల మీద విరుచుకుపడ్డాడు. "మీకు తెలిసే ఉంటుంది. ముందే చెప్పి చావలేదేం?" సిద్ధడు వేలితో తన నోరు చూపించాడు. "మొన్నటి శాసనం ప్రభూ" అన్నాడు చెన్నుభట్టు.

అప్పుడు గట్టు చివరన ఒక జత చేతులు లేచాయి. తాడుతో కట్టేసి ఉన్నాయి కాబట్టి రెండూ కలిసే లేచాయి.

"నేను లాగుతాను, కట్లు విప్పండి" అన్నాడు పోతినేడు.

తలారికి ఎవరి సెలవు అడగాలో తోచలేదు. విప్పేశాడు. పోతినేడు ఊరి జనాన్ని కేకేసి తాటాకు తడికలు తెప్పించి, బురద మీద వరసగా పరిపించాడు. వాటి మీద బోర్లా పడుకుని పాకుతూ పోయి, కుడిచెయ్యి చాచాడు. రాజు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనకనుంచి జమ్ములపాడు వాళ్ళు పోతినేడు కాళ్ళు పట్టుకుని లాగారు. ఊబి చాలాసేపు పట్టుబట్టి, చివరికి రాజుగారి చెప్పులు మాత్రం ఉంచుకుని ఆయన్ను వదిలింది. సిద్ధడినీ మిగతా బోయీలనూ కూడా ఆ తడికల మీదుగానే పైకి లాగారు.

గట్టు మీదికి వచ్చాక కూడా రాజు ఆ చెయ్యి వదలలేదు. ఒగురుస్తూ దాన్నే పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే తలారి, భుజాన గొడ్డలితో.

చెన్నుభట్టు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, శిక్షకు పెట్టిన ముహూర్తం దాటిపోతోంది. తమరు ఆ చెయ్యి వదిలితే తలారి తన పని చూసుకుంటాడు."

రాజు అదిరిపడ్డాడు. గొడ్డలిని చూశాడు. తన పిడికిట్లో ఉన్న చేతిని చూశాడు. తరవాత ఆయన పొట్టలోంచి ఒక నవ్వు బయల్దేరింది. అది పెరిగి పెరిగి, మీసాల మీద ఎండిన బురద రాలేంత నవ్వయింది.

"ఓరి భట్టూ, ఈ చెయ్యి తీయిస్తే మళ్ళీ దిగబడినప్పుడు నన్నెవడు లాగుతాడురా?" అన్నాడు.

ఆయన తన ముంజేతి బంగారు కంకణం తీసి, బురద తుడవకుండానే పోతినేడు కుడిచేతికి తొడిగాడు. బాట వంకరగానే ఉంటుందన్నాడు. బోయీలు గొంతు చించుకుని అరవవచ్చన్నాడు. చెన్నుభట్టుకు కప్పడానికి ఒంటిమీది శాలువ తీశాడు. అది బురద పీల్చుకుని మణుగు బరువుంది. భట్టు దాన్ని మోయలేక కాస్త వంగిపోయాడు.

"ప్రభూ, నేనింకా ఇక్కడే ఉన్నాను" అని ఊబిలోంచి నీరసంగా వినిపించింది. అందరూ మంత్రి సంగతే మరిచారు.

"దీన్నీ సభకే పెడదాం" అన్నాడు రాజు. "కానీ ఈసారి కళ్ళు మూసుకుని ఎత్తండి."

పదిహేడు మంది కళ్ళు మూసుకున్నారు. పదకొండు చేతులు లేచాయి. పదకొండు చాలు కాబట్టి మంత్రిని లాగారు. లెక్క తెలిశాక ఆయన, ఎత్తని ఆ ఆరుగురూ ఎవరా అని ఇంటికి చేరేదాకా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. కనకవాడ కొలువులో ఆనాటి నుంచీ కళ్ళు మూసుకునే చేతులెత్తుతారు. ఎడమబంతికి కొందరు దిండ్లు పట్టుకుని తిరిగి వెళ్ళారు. పిల్లి వేరే చోటు వెతుక్కుంది.

ఆ సాయంత్రం స్నేహితులిద్దరూ బండ్లబాట వెంట ఇంటికి నడిచారు. పోతినేడే ముందు అడిగాడు.

"నా చెయ్యి నరకమని నువ్వు కూడా ఎత్తావే భట్టూ?"

"ఎత్తకపోతే ఇద్దరం కట్లతో నిలబడేవాళ్ళం. అప్పుడు నిన్ను ఇక్కడికి తెచ్చేదెవరు, రాజును ఊబిలోకి దించేదెవరు? నిన్న వచ్చి గెడ వేసి చూసుకున్నాను. మనం దిగిన ఈ చోట అంచున మొలలోతే, అడుగున గట్టి నేలుంది."

"మరి రాజు పల్లకీ ఎక్కకపోయుంటే? తలనొప్పి అని ఇంట్లోనే పడుకుని, శిక్ష మాత్రం కానివ్వమని ఉంటే?"

చెన్నుభట్టు ఆగిపోయాడు.

"అది నాకూ తెలియదయ్యా" అన్నాడు. "ఈ రెండు రోజులూ అన్నం ముద్ద దిగలేదు. ఎత్తిన చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, చూడు."

నిజంగానే వణుకుతోంది. పోతినేడు కంకణం తొడిగిన చేత్తో ఆ వణికే చేతిని పట్టుకుని, బాట వంకర దాటేదాకా వదలకుండా నడిచాడు.

"ఇంకోసారి ఎత్తాల్సి వస్తే, మిగతావాళ్ళకంటే కాస్త కిందికి ఎత్తు భట్టూ" అన్నాడు.