మసేను కడవ

సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా రాని రోజుల్లో, మెరకపాలెం అని ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో మసేను అని ఒక మనిషి ఉండేవాడు. అతనికి నావ లేదు, వల లేదు, ఒక కాలు కుంటి. వేరేవాళ్ల నావలు ఒడ్డుకొస్తే తాడు పట్టుకునేవాడు. అంతే.

పల్లెవాళ్లంతా కలిసి ఐసు ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. కరెంటు తీగ అక్కడిదాకా రాలేదు. పల్లె పెద్ద అప్పలనరస పట్నం వెళ్లి, మిలటరీవాళ్లు వేలానికి పెట్టిన డీజిల్ జనరేటర్ ఒకటి పాడుకొచ్చాడు. ఆకుపచ్చ రంగు. గున్న ఏనుగంత ఉంది. పట్నం మెకానిక్ గౌస్ సాహెబు వచ్చి బిగించాడు. కుంటివాడు ఎక్కడికీ పోడు గనక జనరేటర్ షెడ్డు తాళంచెవి మసేనుకు ఇమ్మన్నాడు అప్పలనరస.

"వెనక మూత తియ్యకు. నీళ్లు దగ్గరికి రానివ్వకు. ఈ రెండూ గుర్తుంటే చాలు" అని చెప్పి వెళ్లాడు గౌస్.

మసేనుకు అంతకుముందు ఎవరూ దేని తాళంచెవీ ఇవ్వలేదు.

ఆ ఒడ్డున ఒక ఆచారం ఉంది. కొత్త నావ నీళ్లలోకి దిగేముందు, దాని సొంతదారు కడవెడు సముద్రపు నీళ్లు తెచ్చి వెనక చుక్కాని మీద పోస్తాడు. నావ లేనివాడికి ఆ కడవ ఎత్తే రోజే రాదు. మర్నాడు తెల్లవారగానే మసేను కడవ నింపాడు. చుక్కాని ఉండేది వెనకే గదా అనుకున్నాడు. వెనక మూత తీశాడు. కడవ ఒంపాడు. పైపైన తుడిచి, మూత బిగించి బయటికొచ్చాడు. ఆ పూటంతా నావ ఉన్నవాడిలా నడిచాడు.

కొన్నాళ్లు బాగానే తిరిగింది. తర్వాత, కవళ్ల చేపలు విరగబడి దొరికే రోజుల్లో, ఇంజను తిరుగుతూనే ఉంది గానీ బల్బులు నిప్పుకణికల్లా ఎర్రబడి ఆరిపోయాయి. ఐసు కరిగింది. బుట్టలకొద్దీ చేపలు ఇసుకలో పూడ్చారు.

గౌస్ వచ్చి వెనక మూత తీశాడు. లోపల ఇరుసు చివర ఒక గుండ్రటి పళ్లెం ఉంది. పళ్లేనికి బొటనవేలంత డయోడ్లు బిగించి ఉన్నాయి. ఇరుసు తిరిగితే అవీ దానితోపాటు గిర్రున తిరుగుతాయి. కరెంటును ఒక దిక్కుకే పోనివ్వడం వాటి పని. గౌస్ ఒక్కోదాని తీగ ఊడదీసి, బ్యాటరీతో చిన్న బల్బు కలిపి చూశాడు. ఒకవైపు పెడితే వెలగాలి. తిప్పి పెడితే వెలగకూడదు. ఒకటి మాత్రం ఎటు పెట్టినా వెలిగింది.

"ఇదే పోయింది" అన్నాడు. పళ్లెం మీద తెల్లటి పొడి గోటితో గీకి నాలికకు రాసుకున్నాడు. "ఉప్పు. మసేనూ, దీని మీద నీళ్లేమైనా పడ్డాయా?"

మసేను నడుముకున్న తాళంచెవి తడుముకున్నాడు.

"ఏటీ లేదు సాయిబుగోరూ. సముద్రపు గాలి."

గౌస్ డయోడు మార్చి, సముద్రంవైపు కిటికీకి గోనెపట్టా కట్టించాడు.

కొన్నాళ్లకు మళ్లీ బల్బులు ఎర్రబడ్డాయి. మళ్లీ చేపలు పూడ్చారు. గౌస్ మళ్లీ అడిగాడు.

"ఏటీ లేదు సాయిబుగోరూ. సముద్రపు గాలి."

గౌస్ ఇంకో డయోడు మార్చి, ఆ కిటికీని ఇటుకలతో మూయించాడు.

మూడోసారి, వంజరం చేపలు పడ్డప్పుడు ఆగింది. గౌస్ మళ్లీ అడిగాడు. మసేను మళ్లీ అదే చెప్పాడు. ఈసారి నేల చూస్తూ చెప్పాడు.

"గాలి వచ్చే దారే లేదు. అయినా ఉప్పు పూస్తోందంటే సరుకే ముందునుంచి కుళ్లింది. నేను చేసేది లేదు" అన్నాడు గౌస్.

ఆ మాట పల్లెంతా పాకింది. అప్పలనరస చెత్త కొనుక్కొచ్చి అంటగట్టాడన్నారు. ఇసుకమీద కూటం పెట్టారు. అతని వల ఎవరూ లాగకూడదు, అతని ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వకూడదు అని తీర్పు చెప్పబోయారు.

అప్పలనరస లేచి, తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు.

"నా కళ్లకి బాగానే అగుపించిందిరా. వయసు మళ్లింది, సరిగ్గా సూడలేదేటో. తప్పు నాదే" అన్నాడు.

మసేను అందరి వెనకాల కూర్చుని ఉన్నాడు. చెయ్యని తప్పుకు ఆ ముసలాయన తల వంచడం చూశాడు. తాళంచెవి విప్పి, కుంటుకుంటూ వచ్చి, ఆయన కాళ్లదగ్గర పెట్టాడు.

"అన్నా, తువ్వాలు సుట్టుకో. దాని మీద కడవెడు సముద్రపు నీళ్లు పోసినోణ్ణి నాను."

"ఎందుకురా?" అన్నాడు అప్పలనరస.

"నాకూ ఒక నావ ఉందనుకున్నానన్నా."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది మసేనుకు. చేపలమ్మే నూకాలు మాత్రం అంది: "మా సరుకు పూడ్సినప్పుడల్లా మా పక్కనే నిలబడి ముక్కు మూసుకున్నావు గదరా."

ఇంకా పట్నం వెళ్లని గౌస్ ముందుకొచ్చాడు. "పోసిన నీళ్లయితే తీగచుట్టల అడుక్కి దిగుంటాయి. డయోడ్లు ఎన్ని మార్చినా ఉప్పు వాటిని తింటూనే ఉంటుంది. ఇరుసు బయటికి లాగాలి. మంచినీళ్లతో కడగాలి. చాలా నీళ్లు కావాలి" అన్నాడు.

మంచినీళ్లంటే ఆ పల్లెలో ఇసుకలో తవ్విన చెలమల నీళ్లే. గిన్నెతో తోడుకునేవి. ఆడవాళ్లు ఇళ్లలో ఉన్న తాగేనీళ్లు తెచ్చి ఆ ఇరుసు మీద పోశారు. మసేను కడవ అందుకోబోతే నూకాలు వెనక్కి లాక్కుంది. "నువ్వు పోసింది సాలు."

కడిగారు. ఎండబెట్టారు. వార్నిష్ పూశారు. కొత్త డయోడ్లు బిగించారు. బల్బులు తెల్లగా వెలిగాయి. ఆ తర్వాత ఎర్రబడలేదు.

అప్పలనరస తాళంచెవి తిరిగి ఇచ్చాడు. మసేను తీసుకున్నాడు గానీ, మళ్లీ నడుముకు కట్టుకోలేదు. షెడ్డు గోడకు తగిలించాడు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా, అడగకముందే చెప్పేవాడు: "దీని మీద ఉప్పునీళ్లు పోసినోణ్ణి నాను." పిల్లలు అతని వెనకే నడుస్తూ ఆ మాటే అనేవారు. అననిచ్చేవాడు. గుమ్మం దగ్గర రోజూ ఒక కడవ మంచినీళ్లు పెట్టేవాడు. అవి తనవంతు తాగేనీళ్లు. పల్లె పోసిన నీళ్ల బాకీ తీర్చలేనని తెలిసే పెట్టేవాడు.

అతను పోయాక తాళంచెవి పట్టిన మనిషి కూడా ఒక తప్పు చేశాడు. మెకానిక్ అడిగితే "సముద్రపు..." అనబోయాడు. గుమ్మం దగ్గర మసేను కడవ కనబడింది. మాట మింగి, అందులో చెయ్యి ముంచి నిజం చెప్పాడు.

అప్పటినుంచి ఆ ఒడ్డున జనరేటర్ ఆగితే, గుమ్మం దగ్గర మంచినీళ్ల కడవ పెట్టేదాకా ఏ మెకానిక్కూ వెనక మూత విప్పడు. యంత్రం చూసుకునే మనిషి అందులో చెయ్యి ముంచి, తన చేతి తప్పు ఏముందో చెప్పాలి. ఏమీ లేకపోతే లేదని చెప్పాలి. ఆ షెడ్డు, ఆ ఇసుక, ఆ చెలమలు అన్నీ సముద్రంలో కలిసిపోయాయి. పల్లె లోపలికి జరిగింది. కడవా దాంతోపాటే జరిగింది. ఎవరైనా తడబడి నేల చూస్తే, పక్కనున్నవాళ్లు మెల్లగా ఒకటే అడుగుతారు:

"ఏటి, సముద్రపు గాలేనా?"