కన్నార్పని పెట్టె

తవిటినాయుడికి కంపైలర్ దొరకడం లేదు.

అంటే ఒక్కటీ దొరకలేదని కాదు, దొరికినదేదీ అతనికి నచ్చడం లేదు. అతను వాడే చిప్ చాలా చిన్నది. చిటికెన వేలి గోరు మీద పెడితే ఇంకా చోటు మిగులుతుంది. మనం రాసిన ప్రోగ్రాంను ఆ చిప్‌కు అర్థమయ్యేలా మార్చిపెట్టేదే కంపైలర్. చిప్ తయారుచేసినవాళ్లు ఇచ్చింది ఒకటుంది, పాతది. ఎక్కడో ఔత్సాహికులు కలిసి చేసింది మరొకటి. ఉచితంగా వాడుకునే గడువు దాటగానే మొరాయించేది ఇంకొకటి. దేన్ని తెచ్చినా తన ప్రోగ్రాంను అందులో వేయడం, బయటికొచ్చినదాన్ని చూసి పెదవి విరవడం. ఇది బరువంటాడు, అది నిదానమంటాడు. పెళ్లిచూపులకు వెళ్లినవాడు కూడా ఇన్ని వంకలు పెట్టడు.

అతని గురువు బోధానందస్వామి. ఆయన ఆశ్రమం పార్వతీపురం అవతల కొండల కింద, గెడ్డ ఒడ్డున ఉంది. ఆ వైపు వాగును గెడ్డ అంటారు. స్వామి ఒకప్పుడు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పినవారే, ఇప్పుడు చెప్పరు. శిష్యుడిగా ఎవరైనా వస్తే చుట్టుపక్కలవాళ్లకు పనికొచ్చే పని ఒకటి అప్పగిస్తారు. ఆ తర్వాత ఆ ఊసెత్తరు.

తవిటినాయుడికి గెడ్డను అప్పగించారు.

ఆ గెడ్డతో చిక్కేమిటంటే, ఎగువ కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు విరుచుకుపడతాయి. అవతలి గూడెం నుంచి ఎర్నమ్మ అనే ఆవిడ విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని, గెడ్డలో దిగి, ఈ ఒడ్డెక్కి సంతకు వెళుతుంది. ఆవిడకు వేరే దారి లేదు. ఆవిడ కోసమే తవిటినాయుడు ఎగువ మలుపులో ఒక పెట్టె పెట్టాడు. నీళ్లు పెరిగితే గొట్టంలో బంతి తేలుతుంది, పెట్టె హారన్ కొడుతుంది. చెట్ల నీడ కాబట్టి సోలార్ పలకతో లాభం లేదు, బ్యాటరీతోనే నడవాలి.

పోయిన వానాకాలంలో గెడ్డ పొంగిననాటికి ఆ బ్యాటరీ చచ్చిపోయి ఉంది. ఎర్నమ్మ కొట్టుకుపోయి, ఒక తుప్పను పట్టుకుని బతికింది. ఆమె వెనకాల వచ్చిన మేకలు బతకలేదు. తవిటినాయుడు ఆమె ఇంటికి వెళ్లి, కొత్త పెట్టె చేస్తున్నానని చెప్పాడు.

“నీ డబ్బాని నాను నమ్మను బాబూ. నా కళ్లతోటే సూసుకుంతాను,” అంది ఆవిడ. కోపంగా కూడా అనలేదు. అదే అతన్ని బాధపెట్టింది.

మళ్లీ వానల కాలం దగ్గరపడింది. కొత్త పెట్టె బ్యాటరీ కూడా తొందరగానే నీరసించిపోతోంది. నిద్రాహారాలు మాని కొత్త కంపైలర్ కోసం వెతికీ వెతికీ, ఒక మధ్యాహ్నం అతను స్వామి దగ్గరికి వచ్చాడు. స్వామి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు.

“స్వామీ, ఈ చిప్‌కు సరైన కంపైలరే లేదండి. ఏది వాడినా బ్యాటరీని తాగేస్తోంది.”

“నీ ప్రోగ్రాం ఏం చేస్తుంది?”

“నీళ్లు వచ్చాయా అని చూస్తుందండి. లేకపోతే మళ్లీ చూస్తుంది. మళ్లీ మళ్లీ చూస్తూనే ఉంటుంది.” అతని గొంతులో కాస్త గర్వం పలికింది. “ఒక్క క్షణం కన్నార్పదండి. మనిషి ప్రాణంతో పని కదా.”

స్వామి అతని కళ్లకేసి చూశారు. అవి ఎర్రగా ఉన్నాయి.

“కాసేపు పడుకో,” అన్నారు.

తవిటినాయుడు అరుగు మీదే ఒరిగాడు. కళ్లు మూతలు పడ్డాయి.

“తవిటీ,” స్వామి భుజం తట్టి లేపారు. “గెడ్డలో నీళ్లొచ్చాయేమో చూసిరా.”

లేచి వెళ్లి చూసి వచ్చాడు. “లేదండి.”

“సరే, పడుకో.”

పడుకున్నాడు. ఒళ్లు తేలికపడుతుండగా మళ్లీ భుజం మీద చెయ్యి పడింది.

“నీళ్లొచ్చాయేమో చూసిరా.”

వెళ్లాడు. ఇసుక పొడిగా ఉంది. వచ్చి అదే చెప్పాడు. “సరే, పడుకో,” అన్నారు స్వామి. నడుము వాల్చాడో లేదో మళ్లీ లేపారు. ఆ తర్వాత కూడా. ఆయన ముఖంలో విసుగు లేదు, నవ్వు లేదు. ఒక పిక్క తీస్తారు, శిష్యుణ్ణి లేపుతారు, ఇంకో పిక్క తీస్తారు. తవిటినాయుడు లేస్తాడు, వెళతాడు, వస్తాడు. చివరికి గెడ్డ దాకా కూడా వెళ్లలేక దారిలోనే నిలబడిపోయాడు. వెనక్కి తిరిగి, జన్మలో ఎన్నడూ లేనిది, గురువు మీద అరిచాడు.

“నీళ్లొస్తే లేపండి స్వామీ! రాకుండా ఎందుకండీ నా ప్రాణం తీస్తారు?”

అరిచినందుకు తానే హడలిపోయాడు.

“అలాగే నాయనా,” అన్నారు స్వామి. చింతపండు చాటను ఒళ్లోకి లాక్కున్నారు.

ఆ తర్వాత ఎవరూ లేపలేదు. తవిటినాయుడు పడుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు. చాలాసేపు పైకప్పును చూశాడు. లేచి, స్వామి ముందు నుంచే తన గదిలోకి వెళ్లాడు.

రాసిందంతా చెరిపేశాడు. నిద్రపోతున్న చిప్‌ను బయటినుంచి లేపడానికి దాని కాళ్లలో, అంటే తీగలు అతికించే పిన్నుల్లో, ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది. ఇన్నాళ్లూ అది ఖాళీగానే ఉంది. బంతి నుంచి వచ్చే తీగను దానికి అతికించాడు. ప్రోగ్రాం మళ్లీ రాస్తే కొన్ని వరుసలే అయింది: నిద్రపో, బంతి తేలి లేపితే హారన్ కొట్టు. చేతికందిన కంపైలర్‌లో వేశాడు. బయటికొచ్చినదాని బరువు చూడటం మర్చిపోయాడు.

వానలు మొదలయ్యాయి. పెట్టె ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. అది బతికే ఉందో లేదో వెళ్లి చూడాలని తవిటినాయుడికి రోజూ అనిపించేది. కొన్నిసార్లు సగం దారి వెళ్లి తిరిగొచ్చేవాడు.

ఒక సంత రోజున చక్కగా ఎండ కాస్తోంది. గురుశిష్యులిద్దరూ ఒడ్డున బట్టలు ఆరేస్తున్నారు. అవతల ఎర్నమ్మ ఆకుల కట్టతో గెడ్డలో దిగింది. నీళ్లు ఆమె మడమల దాకా కూడా లేవు.

ఎగువన హారన్ మోగింది.

ఎర్నమ్మ ఆగింది. తల పైకెత్తింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కాళ్ల దగ్గర చూసుకుంది, నీళ్లు తేటగా ఉన్నాయి. హారన్ మోగుతూనే ఉంది. ఆ మోతలో ఎంత అరిచినా ఆమెకు వినబడదు. తవిటినాయుడి చేతిలోని తడిపంచె నేల మీద పడింది.

ఎర్నమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి ఒడ్డెక్కింది, ఇంకా పైకి, పెద్ద బండ దాకా వెళ్లింది. కట్ట దించుకుంది.

కాసేపటికి మలుపులోంచి ఎర్రటి నీళ్లు దుంగలతో సహా దూసుకొచ్చాయి.

తవిటినాయుడికి కన్నీళ్లు ఆగలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, “స్వామీ, ఇందులో వాడింది ఆ పాత కంపైలరేనండి. చిప్‌వాళ్లు ఇచ్చిందే. మొట్టమొదట దొరికింది...” అంటూ మొదలుపెట్టాడు.

“అటు చూడు నాయనా,” అన్నారు స్వామి. “ఆవిడ కూర్చుంది.”