ఎండిన వాగులో రెండు చెలమలు

కొండవాలు మీది ముసలి మద్దిచెట్లంటే నక్కకు కడుపుమంట. పొద్దుగూకేసరికి అడవికోడి పైడమ్మ పిల్లలతో సహా వాటి పైకొమ్మలెక్కి కూర్చునేది. కింద నక్క లొట్టలు వేస్తూ మిగిలిపోయేది.

చివరికి నక్క పోయి ఏనుగు గున్నయ్యను పట్టుకుంది. బలానికి కొదవలేదు, పొగిడితే ఏమైనా చేసే రకం.

"ఈ ముసలి మానులు ఎండంతా మింగేస్తన్నాయి బాబూ. నువ్వో తోపు తోశావంటే నీ పొట్టకందేంత గడ్డి మొలుస్తాది."

గున్నయ్య ఉబ్బిపోయి వాగుకు ఎగువనున్న చెట్లన్నీ కూల్చేశాడు. పైడమ్మ దిగువన మిగిలిన చెట్లకు చేరింది. మొదటి వానలకు గడ్డి నిజంగానే వచ్చింది. తర్వాతి వానలకు మట్టి కొట్టుకుపోయి ముళ్లకంప మిగిలింది. వేసవికి వాగు ఎండిపోయింది.

నోరెండిన గున్నయ్య నక్కను నిలదీశాడు. నక్క తడుముకోలేదు.

"దిగువన ఇంకా నాలుగు మానులున్నాయి గదా. నీళ్లన్నీ అవే తాగేస్తన్నాయి. వాటినీ తోసెయ్."

గున్నయ్య నేరుగా వెళ్లి పైడమ్మ చెట్టుకే నుదురు ఆనించాడు. రెక్కల కింద పిల్లలు బిక్కచచ్చిపోయాయి. వేడుకుంటే వినే స్థితిలో లేడని, నీళ్ల మాట ఎత్తితేనే ఆగుతాడని పైడమ్మకు అర్థమైంది.

"తోద్దువుగాని గున్నయ్యా," అంది. "వాగు ఎండితే మీ ఏనుగులు ఇసకలో చెలమ తవ్వుకుంటాయి గదా. రెండు తవ్వు. ఒకటి నక్క చూపిన చోట, ఒకటి నా చెట్టు నీడలో. ఇది నీళ్లు తాగేసే చెట్టయితే దీని కింద పొడి ఇసకే ఉండాలి. అలాగే ఉంటే నేనే కిందికి దిగిపోతాను."

కోడి తనంతట తానే దిగుతానంటే, వెనకే వచ్చిన నక్క కాదంటుందా? బోడి వాలు పక్కన ఒక చోటు చూపించింది.

అక్కడ గున్నయ్య ఎంత తవ్వినా దుమ్మే లేచింది, చివరికి రాయి తగిలింది. మద్దిచెట్టు నీడలో కాస్త తవ్వాడో లేదో ఇసుక నల్లబడి నీరు ఊరింది. కడుపారా తాగి వెనక్కి తిరిగేసరికి నక్క కంపలో పడి పరుగెడుతోంది.

"తప్పు చేశానమ్మా," అన్నాడు గున్నయ్య తల దించుకుని. "కూలినవాటిని మళ్లీ లేపలేను."

"ఈ చెట్ల గింజలు గాలికెగిరి అక్కడ పడతాయి. నువ్వు ఆ కంప తొక్కిపెట్టి, మొలకల జోలికి పోకుండా ఉంటే చాలు. నా మునిమనవల మనవలు ఎక్కి కూర్చుంటారు."

మరుసటేడు బోడి వాలులో మద్దిమొక్కలు కోడి ఎత్తు లేచాయి. గున్నయ్య ఇప్పుడు అటు వెళ్తే అడుగు చూసి వేస్తున్నాడు.

నీతి: పాత చెట్టును మిగుల్చుకున్నవారికే కొత్త అడవి దక్కుతుంది.