రెండోసారి అడిగితే

పిల్లల మనసు గురించి చదువుతున్న ధరణికి ఐదున్నరేళ్ల లాస్య అంతుపట్టలేదు.

ధరణి విజయనగరంలో ఒక కాలేజీలో డిగ్రీ మూడో సంవత్సరం. సైకాలజీ. పసితనం నుంచి ముసలితనం దాకా మనిషి మనసు ఎలా ఎదుగుతుందో తెలుసుకుని, ఆ తెలిసినదాన్ని బడుల్లో, ఇళ్లల్లో పనికొచ్చేలా చెయ్యడం ఆ చదువు ఉద్దేశం. పాఠాలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఏ వయసుకి పిల్లలు ఏం చెయ్యగలరో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. క్లాసులో ఎవరికి అనుమానమొచ్చినా ముందు ధరణిని అడిగేవాళ్లు, ఆ తరవాతే పుస్తకం తెరిచేవాళ్లు.

ఆ పాఠాలు చెప్పే జోగారావు మాస్టారు మాత్రం ఆమెని ఎప్పుడూ మెచ్చుకున్నదీ లేదు, తప్పుపట్టిందీ లేదు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

చివరి ఏడాది ప్రాక్టికల్స్ కోసం ధరణి కాలేజీ పక్కనే ఉన్న చిన్నపిల్లల బడికి వెళ్తోంది. వేసవి దగ్గర పడుతున్న రోజులు. యూకేజీ పిల్లల్లో ఒకటో తరగతికి ఎవరు సిద్ధంగా ఉన్నారో కాస్త చూసి చెప్పమని ఆ బడి హెడ్ మేడమ్ అడిగారు. ధరణి ఉత్సాహంగా ఒప్పుకుంది.

ఒక్కో పాపనీ, బాబునీ పిలిచి చాపమీద ఎదురుగా కూచోబెట్టుకునేది. చింతపిక్కల్ని రెండు వరసలుగా పేర్చేది. రెండిట్లోనూ అన్నే పిక్కలు.

"ఈ వరసలోనూ ఆ వరసలోనూ సమానంగా ఉన్నాయా?"

"సమానమే అక్కా," అంది తన వంతు వచ్చిన లాస్య.

ధరణి ఒక వరసలో పిక్కల్ని దూరం దూరంగా జరిపింది. వరస పొడుగైంది. పిక్కలు మాత్రం అన్నే.

"ఇప్పుడు సమానంగా ఉన్నాయా?"

లాస్య పిక్కల్ని చూసింది. ధరణిని చూసింది. పొడుగు వరసమీద వేలు పెట్టి, "ఇందులో ఎక్కువున్నాయి," అంది.

సన్న గ్లాసులోకి ఒంపిన నీళ్లతోనూ అంతే. నొక్కి పొడుగు చేసిన మట్టిముద్దలతోనూ అంతే. మొదట సమానమే అంటుంది, మళ్లీ అడిగేసరికి కాదంటుంది. కనిపించేదానికీ ఉన్నదానికీ తేడా ఇంకా తెలియని వయసు అని పుస్తకంలో ఉంది. క్లాసులో కొందరు పిల్లలు ఆ గడప దాటారు, లాస్య ఒక్కసారి కూడా దాటలేదు. ఈ పాపని ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచితే మంచిదని ధరణి హెడ్ మేడమ్‌కి చెప్పింది.

మర్నాడు కాలేజీ గేటు దగ్గర లాస్య వాళ్లమ్మ కుమారి నిలబడి ఉంది. మిషను కుట్టుకునే మనిషి. పని మధ్యలో లేచొచ్చినట్టుంది, జాకెట్టుకి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి.

"మా పాపకేటైనా తక్కువుందామ్మా?" అని అడిగింది నెమ్మదిగా.

"అబ్బే, అలాంటిదేం లేదండి. ఒక్క ఏడాది ఆగితే..."

"ఇంటికాడ వాగుతానే ఉంటాది. ఆకాశంలో నీళ్లు ఎవులు పోశారని అడుగుతాది. బళ్లో ఏటైపోతుందో నాకు తెలీదు. ఆళ్ల నాన్న నిన్నట్నుంచి దానితో మాటాడ్డం లేదమ్మా. నువ్వు సరిగ్గా జవాబులు చెప్పకే ఇలాగైందని దానిమీద కేకలేశాడు." ఆమె జాకెట్టుమీది దారప్పోగు ఒకటి లాగింది. "మీరు చదువుకున్నోళ్లు. మీరంటే నిజమే అయ్యుంటాది."

ఆ చివరి మాట ధరణిని పట్టుకుని వదల్లేదు. మధ్యాహ్నం క్లాసులయ్యాక మాస్టారి గదికి వెళ్లింది. జరిగిందంతా చెప్పింది.

"ఇంట్లో అంత చురుకైన పిల్ల నా దగ్గర ఎందుకలా చెబుతోంది మాస్టారూ? నాకది తెలుసుకోవాలనుంది. పరీక్షలో ఏ లోపమూ లేదు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేశాను."

"ఆ పిక్కలున్నాయా?" అన్నారు మాస్టారు.

ధరణి సంచీలోంచి తీసి ఇచ్చింది. ఆయన బల్లమీద కాగితాలు పక్కకి నెట్టి, రెండు వరసలుగా పేర్చారు. తీరిగ్గా, ఒక్కో పిక్కకి ఎదురుగా ఒక్కో పిక్క.

"సమానమేనా?"

ధరణికి నవ్వొచ్చింది. "సమానమే మాస్టారూ."

ఆయన అవుననలేదు, కాదనలేదు. పిక్కల్ని ముట్టుకోలేదు. ఆమెనే చూస్తూ కూచున్నారు. పైన ఫ్యాను కిర్రుమంటోంది.

"సమానమేనా?" అదే గొంతుతో మళ్లీ అడిగారు.

ధరణి నవ్వు ఆగిపోయింది. ముందుకి వంగింది. ఈసారి వేలితో లెక్కపెట్టింది. చివరి పిక్క దగ్గర ఆగి, రెండు అతుక్కుని గాని ఉన్నాయా అని తిప్పి చూసింది. తలెత్తి మాస్టారి వైపు చూసింది. ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

"ఇందులో... ఒకటి ఎక్కువుందాండి?"

"నువ్వు చూసింది పిక్కల్నా, నా మొహాన్నా?" అన్నారు మాస్టారు.

పిక్కలు పోగుచేసి ఆమె చేతిలో పోశారు. తన కాగితాలు ముందుకి లాక్కున్నారు.

ఆ రాత్రి ధరణి పిక్కల్ని మళ్లీ మళ్లీ పేర్చి చూసింది. మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లింది. లాస్య ఆమెని చూసి చప్పుడు చెయ్యకుండా వచ్చి చాపమీద కూచుంది. మొన్నటిలా ఎగురుకుంటూ రాలేదు.

"ఇవాళ నువ్వే టీచరువి," అంది ధరణి. "నువ్వే పేర్చు, నువ్వే అడుగు."

లాస్య నమ్మలేనట్టు చూసింది. తరవాత మెల్లిగా పిక్కలు పేర్చడం మొదలుపెట్టింది. పేర్చాక నడుమ్మీద చెయ్యి పెట్టుకుని, "సమానమా?" అని గద్దించింది.

"సమానమే టీచర్."

లాస్య ఒక వరసని చాప అంచుదాకా జరిపింది. ఒక పిక్క ధరణి మోకాలి కిందికి వెళ్లింది. "ఇప్పుడు?"

"ఇందులో ఎక్కువున్నాయి టీచర్," అంది ధరణి, పొడుగు వరస చూపించి.

లాస్యకి జాలేసింది. "కాదక్కా. నేను జరిపానంతే. జరిపితే పెరుగుతాయేటి?"

ధరణి మోకాలి కింది పిక్క తీసి ఆమె చేతికిచ్చింది. "మరి మొన్న నేనడిగితే నువ్వూ ఎక్కువున్నాయన్నావు కదా?"

"నువ్వు మళ్లీ అడిగావు కదా," అంది లాస్య. "రైటు చెబితే మళ్లీ అడగరుగా."

ధరణి అక్కణ్నుంచి నేరుగా హెడ్ మేడమ్ గదికి వెళ్లింది. "లాస్య గురించి నేను తప్పు చెప్పానండి. పాప జవాబుల్లో లేదు లోపం, నేను అడగడంలో ఉంది. తనని ఒకటో తరగతికి పంపండి. మిగతా పిల్లల్ని కూడా మళ్లీ చూస్తాను," అంది. హెడ్ మేడమ్ కళ్లజోడు తీసి ఆమెని చూశారు. సరేనన్నారు.

కుమారి వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతల. అక్కడికీ వెళ్లి ఈ మాటే చెప్పింది. కుమారి మిషను ఆపి వింది. "మీరంటే నిజమేనని నమ్మేశానమ్మా," అంది. కోపంగా కాదు. ధరణి తలవంచుకుంది. "లాస్య వాళ్ల నాన్నగారితో నేను మాట్లాడనా?" అని అడిగింది. "నేను చెప్పుకుంటాలే," అంది కుమారి.

అక్కణ్నుంచి కాలేజీకి దాదాపు పరిగెత్తింది. మాస్టారు క్లాసుకి బయల్దేరబోతున్నారు. వరండాలోనే నిలబెట్టి అంతా చెప్పింది. చాపమీద లాస్య టీచరైన సంగతి, నడుమ్మీద చెయ్యి పెట్టుకున్న సంగతి, చివరికి ఆ మాట.

"రైటు చెబితే మళ్లీ అడగరుగా, అంది మాస్టారూ."

మాస్టారు కదలకుండా విన్నారు. చంకలో పుస్తకం జారిపోతుంటే పట్టుకున్నారు. ఆయన కళ్లలో ఏదో మెరిసింది, అచ్చం ఆకాశంలో నీళ్ల గురించి అడిగే పిల్లలకుండే మెరుపు.

"ఆ తరవాత ఏమంది?"

"ఆ తరవాతంటే..."

ధరణి గుర్తు తెచ్చుకుంది. ఆ మాట అన్నాక లాస్య ఆమె చున్నీ అంచు పట్టుకుని, "మరి అక్కా..." అంటూ ఇంకేదో మొదలుపెట్టింది. కానీ ధరణికి కావలసింది దొరికిపోయింది. అప్పటికే లేచి నిలబడింది.

"వినలేదు మాస్టారూ. వచ్చేశాను."

మాస్టారు వరండా చివర ఉన్న గోడ వైపు చూశారు. గోడ అవతల బళ్లో పిల్లల గోల వినిపిస్తోంది.

"బడి ఇంకా వదల్లేదు కదా," అన్నారు. "అయితే ఇక్కడున్నావేం?"